చంటిపిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే: ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, బోండాం నీళ్లలో ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలే వద్దు

భోగి మంట ఇంకా ఆరలేదు, మా పాప మొదటి వాంతి చేసుకుంది. దానికప్పుడు ఏడాదిన్నర. సంక్రాంతికి అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. పొద్దెక్కేసరికి నాలుగు వాంతులు, సాయంత్రానికి ఆరు నీళ్ల విరేచనాలు. పండగ కదా, ఇంటి నిండా చుట్టాలు. ఇంటి నిండా చుట్టాలంటే ఇంటి నిండా వైద్యులే.

పెద్దత్తగారు వాము నీళ్లన్నారు. తోడికోడలు సగ్గుబియ్యం జావ కాస్తానంది. మావయ్యగారు ఎవరినీ అడక్కుండానే చెట్టెక్కించి నాలుగు కొబ్బరి బోండాలు దింపించారు. పక్కింటి మామ్మగారు జాజికాయ అరగదీసి నాకించమన్నారు. డల్లాస్ నుంచి ఆడపడుచు ఫోన్ చేసి యాపిల్ జ్యూస్, అరటిపండు, టోస్ట్ అంది. మా అత్తయ్య ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, "పళ్లొస్తున్నాయి కదమ్మా, అందుకే" అని తేల్చేసింది. మా అమ్మ మాత్రం ఫోన్లో "ఏమీ పెట్టకు, కడుపు ఖాళీగా ఉంచు, అదే కట్టుకుంటుంది" అంది.

అందరిదీ ప్రేమే. కానీ ఏడుగురు ఏడు చెబితే ఏడాదిన్నర పిల్ల కడుపులో ఏది పోయాలి? ఆ రోజు నాకు తెలిసింది తక్కువ, పడ్డ టెన్షన్ ఎక్కువ. తర్వాత డాక్టర్లను అడిగీ, చదివీ, ఇంకో రెండుసార్లు ఇదే జబ్బు చూసీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇది ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల గురించి. ఆరు నెలల లోపు బిడ్డకు వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యాలు పోల్చుకుంటూ కూర్చోకండి, తల్లిపాలు ఇస్తూనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ముందు జబ్బు సంగతి

స్టమక్ ఫ్లూ అని ఇప్పుడు అందరం అంటున్నాం కానీ జలుబు తెచ్చే ఫ్లూకీ దీనికీ సంబంధం లేదు. పిల్లల్లో ఎక్కువసార్లు రోటావైరస్, నోరోవైరస్ లాంటివి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. నీళ్లు పీల్చుకోవలసిన పొర పాడయ్యేసరికి లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటకొచ్చేస్తుంది. వాంతులు సాధారణంగా ఒకటి రెండు రోజులు, విరేచనాలు మూడు నుంచి ఏడు రోజులు. ఆ పొర కొత్తగా పుట్టుకొచ్చే దాకా ఇది ఆగదు. పళ్లు రావడానికీ దీనికీ ముడిపెట్టకండి. పళ్లొచ్చే వయసులోనే పిల్లలు కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటారు, అంతవరకే చుట్టరికం.

మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: "ఏం పెడితే కట్టుకుంటుంది?" ఈ జబ్బులో కట్టించేదంటూ ఏదీ లేదు, పెద్దవాళ్లు వేసుకునే మోషన్స్ ఆపే మాత్ర పసిపిల్లలకు ప్రమాదం కూడా. పిల్లను ప్రమాదంలోకి నెట్టేది విరేచనం కాదు, దాంతోపాటు ఒంట్లోంచి పోయే నీళ్లూ ఉప్పూ. పది కిలోల బిడ్డ ఒంట్లో ఉండే నీరే తక్కువ, కొన్ని గంటల్లో తోటకూర కాడలా వాలిపోగలదు. అందుకని ఎవరు ఏ చిట్కా చెప్పినా నేనిప్పుడు రెండే చూస్తాను. పోయిన నీళ్లూ ఉప్పూ దీంతో తిరిగి వస్తాయా? కొత్తగా ఏదైనా చెరుపు చేస్తుందా? ఈ రెండిటి మీద పెట్టి చూస్తే మా ఇంట్లో చెప్పిన ఏడు వైద్యాలూ వాటంతటవే ఎక్కడివక్కడ సర్దుకుంటాయి.

మొదటి స్థానం ఓఆర్‌ఎస్‌దే, పోటీ లేదు

ఓఆర్‌ఎస్ అంటే ఒంట్లోంచి పోయిన నీళ్లనూ ఉప్పునూ తిరిగి అందించడానికి నీళ్లలో కలిపి తాగించే పొడి. ఇంటి చిట్కాల మాట మొదలుపెట్టి పొడి ప్యాకెట్ చెబుతావేమిటి అనుకోవచ్చు. ఆ ప్యాకెట్లో ఉన్నదేమిటో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకు 2.6 గ్రాముల మామూలు ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. మన వంటింట్లో ఉప్పూ చక్కెరా లాంటి వస్తువులే, కాకపోతే తూకం వేసినవి.

ఆ తూకంలోనే కిటుకుంది. పేగు గోడలో కొన్ని ద్వారాలున్నాయి. అవి ఉప్పులోని సోడియంనూ గ్లూకోజ్‌నూ జంటగా వస్తేనే లోపలికి రానిస్తాయి. ఆ జంట వెంట నీళ్లు వెళ్తాయి. వైరస్ దెబ్బకు మిగతావన్నీ మూతపడ్డా ఈ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. చక్కెర మరీ ఎక్కువైతే పీల్చుకోని చక్కెర పేగులోనే ఉండి ఒంట్లోని నీళ్లను తన వైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఉప్పు లేకపోతే జంట కుదరదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే గ్లూకోజ్ పొడి, కూల్‌డ్రింకు, డబ్బా జ్యూస్ ఎందుకు వద్దో ఎవరూ చెప్పక్కర్లేదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దులో బన్‌గావ్ శిబిరంలో కలరా అంటుకుంది. సెలైన్ అయిపోయింది. కలకత్తా డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి, చుట్టాల చేతే రోగులకు తాగించారు. అంతకుముందు నూటికి ముప్ఫై దాకా పోతున్న ప్రాణాలు, ఆ నీళ్లు తాగినవాళ్లలో నూటికి నాలుగు లోపుకు దిగాయి. 2022లో ఆయన పోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మా మావయ్యగారికి ఈ కథ చెప్పాకే ప్యాకెట్ మీద గురి కుదిరింది. "అయితే ఇది సూది మందుకు బదులన్నమాట" అన్నారు. సరిగ్గా అదే.

ప్యాకెట్ కొనేటప్పుడు జాగ్రత్త. ఆ భోగి రోజు మా ఆయన మెడికల్ షాపుకెళ్లి ఓఆర్‌ఎస్ అడిగితే, పేరులో ఆ మూడక్షరాలున్న తియ్యటి టెట్రాప్యాక్ చేతిలో పెట్టారు. పాప ఇష్టంగా తాగింది. రాత్రికి విరేచనాలు ఇంకా పెరిగాయి. తర్వాత అట్ట మీద చిన్న అక్షరాలు చదివితే తెలిసింది, అందులో చక్కెర అసలు ఓఆర్‌ఎస్‌కు ఎన్నో రెట్లు, ఉప్పు నామమాత్రం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది ఇలాంటి డ్రింకుల మీదే. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు సరిపోని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాటే వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేముందు అట్ట చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉండాలి. పొడి ప్యాకెట్ అయితే ఇరవై రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

కలపడంలో చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. లీటరు ప్యాకెట్‌ను కొంచెం కొంచెం గ్లాసులో వేసుకుంటారు. అలా వేస్తే ఓ గ్లాసు చిక్కగా, ఓ గ్లాసు పల్చగా తయారవుతుంది. చిక్కగా కలిపిన ఓఆర్‌ఎస్ పసిపిల్లకు నిజంగానే ప్రమాదం, ఒంట్లో ఉప్పు హద్దు దాటుతుంది. మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయాలి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, అవైతే ఆ కొలతకే. పాలూ చక్కెరా కలపొద్దు, కలిపాక మళ్లీ మరిగించొద్దు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి.

తాగించడమే అసలు పని

"తాగిస్తే కక్కేస్తోంది" అని ఓఆర్‌ఎస్ మానేసేవాళ్లు చాలామంది. నేనూ మొదటి పూట అదే చేశాను. దాహంతో ఉన్న పిల్ల గ్లాసు పట్టుకుంటే గటగటా తాగుతుంది, మండిపడుతున్న పొట్ట వెంటనే తోసేస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చెంచాతో మొదలుపెట్టాలి. ఒకటి రెండు నిమిషాలకు ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు. ఇదేం చాలుతుంది అనిపిస్తుంది. లెక్క వేయండి: నిమిషానికో చెంచా అంటే గంటకు 300 మిల్లీలీటర్లు.

మా ఇంట్లో ఆ పని చేసింది అత్తయ్య అటక మీంచి తీసిన వెండి ఉగ్గుగిన్నె. మా ఆయన నామకరణం నాటిదట. ఉగ్గుగిన్నె ముక్కుతో బుగ్గ పక్కన రెండు చుక్కలు, ఆగి మళ్లీ రెండు చుక్కలు. సూది తీసేసిన కొత్త సిరంజి అయినా సరే. సీసాతో మాత్రం వద్దు, ఎంత వెళ్తోందో చేతిలో ఉండదు.

వాంతులు తగ్గాక ప్రతి నీళ్ల విరేచనానికీ రెండేళ్ల లోపు పిల్లకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటినవాళ్లకు 100 నుంచి 200. రుచి నచ్చకపోతే ఫ్రిజ్‌లో చల్లబెట్టి చూడండి, మా పాప చల్లగా అయితేనే మింగింది. నీళ్లు తగ్గిన పిల్ల అదే ఓఆర్‌ఎస్‌ను ఆత్రంగా తాగుతుంది. ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్న పిల్ల ఊసేస్తుంది. ఆడుకుంటూ, మూత్రం పోస్తూ ఊసేస్తే కంగారొద్దు, కింద చెప్పిన ఇంటి ద్రవాలతో నడిపించవచ్చు.

ప్యాకెట్ దొరికే దాకా ఇంట్లో కలుపుకునేదానికీ కొలత ఉంది. లీటరు కాచిన నీళ్లలో ఆరు తలకొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అదీ తలకొట్టే. గ్లాసుకు చిటికెడు అనే లెక్క నాకు నచ్చదు. మా మావయ్యగారి చిటికెడు నా చిటికెడుకు రెండింతలు. లీటరు కలిపి మిగిలితే పారబోయడమే మేలు. కలిపాక ముందు మీరు రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

రెండో స్థానం: ఉప్పేసిన పల్చటి గంజి

వంటింటి వైద్యాల్లో నా ఓటు గంజికే. బియ్యంలోని పిండిపదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజ్‌గా విడుతుంది. ఒక్కసారి చక్కెర దండెత్తినట్టు ఉండదు, ఉప్పుతో జంట మాత్రం కుదురుతుంది. కలరా రోగుల్లో బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ విరేచనాలను తగ్గించిందని బంగ్లాదేశ్‌లో చేసిన పరిశోధనల్లో తేలింది. పిల్లల మామూలు వైరల్ విరేచనాల్లో మాత్రం అది మామూలు ఓఆర్‌ఎస్‌ను మించలేదు. అంటే ఓఆర్‌ఎస్‌కు పక్కన పెట్టుకోదగ్గది, బదులు కాదు.

ఒక గుప్పెడు బియ్యం లీటరున్నర నీళ్లలో మెత్తగా ఉడికించి, పల్చగా వడకట్టి, లీటరు గంజికి అర టీస్పూను ఉప్పు వేస్తే చాలు. గోరువెచ్చగా ఇవ్వాలి. గంజి త్వరగా పాడవుతుంది కాబట్టి పొద్దున కాచింది మధ్యాహ్నానికి అయిపోవాలి, సాయంత్రానికి మళ్లీ కాచుకోవాలి. పులియబెట్టిన తరవాణి పెద్దవాళ్లకు చలవే కానీ ఈ నాలుగు రోజులు పిల్లకు వద్దు.

సగ్గుబియ్యం జావదీ ఇదే కోవ. పూస కనబడనంత మెత్తగా, పల్చగా కాచి ఉప్పేస్తే తాగించవచ్చు. కాకపోతే అందులో పిండి తప్ప పెద్దగా ఏమీ లేదు. "సగ్గుబియ్యం కట్టేస్తుంది" అన్న నమ్మకంతో గంజి మాని దీనికెళ్లే పని లేదు. తోడికోడలు కాచింది కాబట్టి రెండు పూటలు పట్టాను, అంతే.

మజ్జిగా, బోండామా?

ఈ రెండింటి మధ్య మా ఇంట్లో నిజంగానే పంచాయితీ నడిచింది. మావయ్యగారు కోనసీమ బోండాం మీద ఈగ వాలనివ్వరు. బోండాం నీళ్లలో పొటాషియం పుష్కలం, తియ్యదనం మితం, పిల్లలు ఇష్టంగా తాగుతారు. లోపమల్లా సోడియం తక్కువ. విరేచనంలో ఎక్కువగా పోయేది సోడియమే. నీళ్లు బాగా పోతున్న రోజున ఒక్క బోండాం మీద ఆధారపడితే పోయిన ఉప్పు తిరిగి రాదు. కాబట్టి రోజులో ఒకటి రెండుసార్లు కొంచెం, ఓఆర్‌ఎస్ మధ్యలో. అప్పటికప్పుడు కొట్టింది, కాచి కడిగిన గ్లాసులో పోసింది అయితేనే. రోడ్డు పక్క బండి మీద కత్తీ స్ట్రా చూస్తే నాకు ధైర్యం చాలదు.

మజ్జిగ దీనికి తిరగేసిన లెక్క. కాచి చల్లార్చిన నీళ్లతో పల్చగా చిలికి, కొంచెం ఉప్పేసిన మజ్జిగలో సోడియం ఉంటుంది, పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కూడా తోడుకోవడంతో కొంత తగ్గి ఉంటుంది. వైరస్ దెబ్బకు లాక్టోజ్‌ను అరిగించే శక్తి కొన్నాళ్లు తగ్గుతుంది కాబట్టి పాల కంటే పెరుగు, మజ్జిగ తేలిక. వాంతులున్న పూట పులుపు నిలవదు, అందుకే మొదటి రోజు వద్దు, రెండో రోజు నుంచి. ఇంట్లో తోడేసిన కమ్మటి పెరుగైతేనే. మూడు రోజుల పుల్ల మజ్జిగ, బండి మజ్జిగ వద్దు.

పెరుగులో మంచి బాక్టీరియా ఉంటుంది కాబట్టి మోషన్స్ ఆగుతాయి అనేదాన్ని కొంచెం తగ్గించి నమ్మండి. 2018లో అమెరికాలో, కెనడాలో పిల్లల మీద చేసిన రెండు పెద్ద పరిశోధనల్లో ప్రోబయోటిక్ ఇచ్చిన పిల్లలకూ ఇవ్వని పిల్లలకూ తేడా కనబడలేదు. అందుకే ఖరీదైన ప్రోబయోటిక్ సాచెట్ల మీద నేను డబ్బు పెట్టను. పెరుగన్నం మాత్రం తిండిగా పెడతాను.

మొత్తానికి పంచాయితీ తీర్పు: మొదటి రోజు బోండాం రెండు గుక్కలు, రెండో రోజు నుంచి మజ్జిగ. మావయ్యగారు ఒప్పుకున్నారు, మిగతా మూడు బోండాలు ఆయనే తాగారు.

డల్లాస్ ఆడపడుచు చెప్పిన యాపిల్ జ్యూస్‌కూ ఒక ఆధారముంది. 2016లో కెనడాలో, నీళ్లు పెద్దగా తగ్గని ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు సగానికి సగం నీళ్లు కలిపిన యాపిల్ జ్యూస్ ఇచ్చి, ఆ తర్వాత వాళ్లకు నచ్చిన ద్రవం ఇస్తే, ఓఆర్‌ఎస్ ఇచ్చినవాళ్ల కంటే మెరుగ్గానే ఉన్నారు. కానీ ఆ పిల్లలు కొంచెం నలతగా ఉన్నవాళ్లు, అవసరమైతే గంటలో సెలైన్ పెట్టించుకోగల చోట ఉన్నవాళ్లు. రోజుకు ఎనిమిదిసార్లు నీళ్లలా పోతున్న పిల్లకు ఊళ్లో కూర్చుని ఆ లెక్క వర్తింపజేయలేం. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు అక్కడి ఫార్మసీల్లో పిల్లల ఓఆర్‌ఎస్ సులభంగా దొరుకుతుంది, ఊసేసే పిల్లకు మాత్రం జ్యూస్ దారి చూడవచ్చు.

వాము, జీలకర్ర, అల్లం

ఇవి వైద్యం కాదు, వాసన. వాము నీళ్లు పోశామంటే పోసింది నీళ్లే. పెద్దవాళ్లకు గ్యాస్ పట్టినప్పుడు ఊరటేమో కానీ వైరస్‌ను గానీ, పోయిన ఉప్పును గానీ వాము ఏమీ చేయలేదు. గంజి కాచేటప్పుడు నాలుగు జీలకర్ర గింజలు వేసి వడకడితే రుచి బాగుంటుంది, అంతవరకు మంచిదే. అల్లం రసం ఘాటు, మండే పొట్ట మీద ఇంకా మంట. తేనె కలిపి ఇమ్మంటారు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే వద్దు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఏడాది దాటాక ఆ భయం లేదు కానీ ఈ జబ్బులో తేనె వల్ల ఒరిగేదీ లేదు. పెరుగులో మెంతులు మింగించడం పెద్దవాళ్ల చిట్కా, పసిపిల్లకు గింజలు గొంతులో అడ్డం పడతాయి. టీ డికాక్షన్‌లో నిమ్మకాయ పిండి పట్టడం కూడా నేను చూశాను. కెఫీన్ పిల్లకు పనికిరాదు.

ఎంత పెద్దవాళ్లు చెప్పినా వద్దనేవి

జాజికాయ, గసగసాలు. ఈ రెండింటి దగ్గర మాత్రం నేను మొహమాటపడను. జాజికాయ అరగదీసి నాకిస్తే పిల్ల మత్తుగా పడుకుంటుంది, "చూశావా, తగ్గింది" అంటారు. కొంచెం ఎక్కువైతే అదే విషం. గసగసాలు నల్లమందు మొక్క గింజలే, వాటి మీద మార్ఫిన్ జాడలు ఉండవచ్చు. పసిపిల్ల ఊపిరి మందగించవచ్చు. మత్తు వల్ల వచ్చే ఇంకో నష్టం ఎవరికీ తట్టదు: నీళ్లు తగ్గిపోయిన పిల్ల కూడా మత్తుగానే పడుకుంటుంది. జాజికాయ నాకించాక పాప పడుకుంటే అది జాజికాయ మత్తో, ప్రాణం మీదకొచ్చిన నీరసమో ఏ తల్లి చెప్పగలదు? మామ్మగారికి "డాక్టర్‌గారు వద్దన్నారండీ" అని చెప్పాను. అప్పటికి ఏ డాక్టరూ అనలేదు, తర్వాత అడిగితే నా అబద్ధాన్ని నిజం చేశారు.

దానిమ్మ తొక్క కషాయం, జామాకు కషాయం వగరుతో కొంచెం కట్టించినట్టు అనిపిస్తాయి. పిల్లకు ఎంత ఇవ్వాలో ఎవరి దగ్గరా కొలత లేదు, పైగా ఆ చేదుకు ఉన్న వాంతి ఎక్కువవుతుంది. గ్లూకోజ్ పొడి, సోడా, కూల్‌డ్రింకుల సంగతి పైన చెప్పుకున్నదే.

లంఖణం పరమౌషధం అన్న మా అమ్మ మాటొకటి మిగిలింది. పెద్దవాళ్లకు ఒక పూట సరే. పసిపిల్లకు తిండి ఆపితే పేగు పొర మళ్లీ పుట్టడానికి సరుకు ఉండదు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు, పిల్ల అడిగినన్నిసార్లు ఇవ్వాలి. వాంతులు నెమ్మదించిన నాలుగైదు గంటల్లోనే తిండి మొదలుపెట్టవచ్చు: మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, అరటిపండు. కూర అరటికాయ ఉడికించి మెదిపి పెట్టడం మన పాత అలవాటే. రోజుల తరబడి సాగే విరేచనాల్లో అది పనికొస్తుందని బంగ్లాదేశ్‌లో పరిశోధన చేసి చెప్పారు. పథ్యం పేరుతో నూనె తీసేసి, నెయ్యి మానేసి ఎండబెట్టకండి. అన్నంలో అర చెంచా నెయ్యి వేస్తే ఏమీ కాదు.

జింక్: ఎవరూ గుర్తుచేయనిది

మా చుట్టాల ఏడు వైద్యాల్లో లేనిది, ఆశా కార్యకర్త తెచ్చిచ్చింది ఇదే. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు. మాత్రను చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి పట్టాలి. విరేచనాలు త్వరగా తగ్గడానికి, ఆ తర్వాతి నెలల్లో మళ్లీ రాకుండా ఉండడానికి పనికొస్తుంది. నాలుగో రోజుకే తగ్గిందని మానేయడం అందరూ చేసే తప్పు, మేం క్యాలెండర్ మీద రోజూ టిక్ పెట్టాం. యాంటీబయాటిక్ మాత్రం మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి, వైరస్ మీద అది పనిచేయదు. వాంతుల మందు కూడా బరువు చూసి డాక్టరే రాయాలి.

పోలికలన్నీ పక్కన పెట్టి పరుగెత్తాల్సిన వేళ

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం. ఏడుస్తున్నా కన్నీళ్లు రాకపోవడం. కళ్లు పీక్కుపోవడం, నాలుక పిడచకట్టుకుపోవడం, మాడు ఇంకా పూడని పిల్లకైతే అది లోపలికి పోవడం. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం. పిలిస్తే పలక్కుండా మత్తుగా ఉండడం, లేదా తాగలేకపోవడం. విరేచనంలో రక్తం, ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బి గట్టిపడడం, తగ్గని జ్వరం, చెంచాతో పట్టినా ఏదీ నిలవకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆస్పత్రికే. దారిపొడవునా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే వెళ్లండి, పిల్ల మత్తులో ఉంటే మాత్రం నోట్లో ఏదీ పోయకండి. నీళ్లు కొంత తగ్గాయని డాక్టర్ అంటే, సెలైన్ పెట్టకుండా అక్కడే కూర్చోబెట్టి కిలోకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్ తాగించవచ్చు. "సెలైన్ పెట్టలేదేం" అని గొడవపడకండి.

డైపర్ వేసే పిల్లకు మూత్రం పోసిందో లేదో తెలియడమే కష్టం, అంతా నీళ్లలాగే ఉంటుంది. మేం డైపర్ తీసేసి, పగలంతా పాత పంచె ముక్కల మీద పడుకోబెట్టాం. అత్తయ్య ఉతికింది, నేను లెక్క రాశాను: ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, ఎన్నిసార్లు మూత్రం, ఎన్ని చెంచాలు. మర్నాడు డాక్టర్ ఆ కాగితం చూసి సగం ప్రశ్నలు అడగనే లేదు.

రోటావైరస్ చుక్కల టీకా వేయించాం కదా, మరి ఎందుకొచ్చిందని అడిగాను. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టీకాను 2016లో ప్రభుత్వ టీకాల పథకంలో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. అది జబ్బును పూర్తిగా ఆపదు, ముదరకుండా చూస్తుంది. పైగా ఇది నోరోవైరస్ అయితే ఆ టీకాకు సంబంధమే లేదు. నోరోవైరస్‌కు శానిటైజర్ కూడా సరిగా లొంగదు, సబ్బూ నీళ్లే. పిల్లను కడిగిన ప్రతిసారీ, వంటింట్లోకి వెళ్లేముందు ప్రతిసారీ.

మేం అది ఆలస్యంగా నేర్చుకున్నాం. కనుమ నాటికి మా పాప వాంతులు ఆగాయి, ముక్కనుమ రోజున తోడికోడలి బాబుకు మొదలయ్యాయి. పెద్దత్తగారు మళ్లీ వాము డబ్బా తీయబోయారు. అప్పటికే మా అత్తయ్య లీటరు నీళ్లు పొయ్యి మీద పెట్టి, ఉగ్గుగిన్నె కడుగుతోంది.